గ్రూపులో వచ్చిన నంబరు

స్టీఫెన్ ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో కంట్రోల్ రూమ్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాడు. అతని ఉద్యోగమంతా ఒక పెద్ద ప్యానెల్ ఎదురుగానే గడిచింది. ఏ ముల్లు కదిలింది, ఏ దీపం ఎర్రబడింది, ఎక్కడ ప్రెషర్ తగ్గుతోంది అని కనిపెట్టుకుని కూర్చోవడమే పని. గుణదలలో సొంతింటికి వచ్చి చేరాక అతనికి కష్టంగా తోచింది జీతం తగ్గడం కాదు, చూడ్డానికి ఏమీ లేకపోవడం. పేపరు పొద్దున్నే అయిపోయేది. టీవీ ముందు కూర్చుంటే కునుకు పట్టేది. భార్య శౌరమ్మ గోరుచిక్కుళ్లు ముందు పెడితే తుంచిపెట్టి, మళ్లీ వెళ్లి వరండాలో కూర్చునేవాడు.

అలాంటి రోజుల్లో పోలరాజు అతని ఫోన్‌లో క్రిప్టో యాప్ వేయించాడు.

పోలరాజుది బందరు పక్కన గిలకలదిండి. వాళ్లది చేపలవేట కుటుంబం. వేటకు కాకుండా ఉద్యోగానికి వెళ్లినవాళ్లలో ఆ ఇంట్లో అతనే మొదటివాడు. స్టీఫెనూ అతనూ ఏళ్ల తరబడి ఒకే షిఫ్టులో పనిచేశారు. నైట్ డ్యూటీల్లో ఒకే క్యారియర్‌లో అన్నం తిన్నారు. ఒకరినొకరు బావా అని పిలుచుకోవడం మొదట సరదాకే అయినా, రాను రాను రెండిళ్లలోనూ అదే వరసగా ఖాయమైపోయింది. స్టీఫెన్ కూతురు శాలిని పోలరాజుని మావయ్య గారనే పిలుస్తుంది. రిటైరయ్యాక పోలరాజు ఊరికి తిరిగి వెళ్లి తమ్ముడి చేపల వ్యాపారం చూసుకుంటున్నాడు.

"కొద్దికొద్దిగా కొందాం బావా. పోయినా ఏడవనంత. పొద్దుపోతుంది నీకు" అన్నాడు పోలరాజు.

నిజంగానే పొద్దుపోయింది. ఫోన్‌లో ధర చూపించే గీత పైకి లేవడం, కిందికి దిగడం స్టీఫెన్‌కి మళ్లీ ప్యానెల్ ముందు కూర్చున్నట్టే ఉండేది. పొద్దున కాఫీ తాగుతూ చూసేవాడు. చూసి బందరుకు ఫోన్ చేసేవాడు. వీళ్లిద్దరిలాగే అలవాటుపడ్డ పాత ఉద్యోగులు ఇంకొందరు కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు.

శాలిని ఫిజియోథెరపిస్టు. విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేస్తోంది. తండ్రి సరదాను ఆమె కాదనలేదు.

"ఎందులో పెట్టుకున్నా మీ ఇష్టం డాడీ. ఎవడైనా ఫోన్ చేసి అది నొక్కండి, ఇది చెప్పండి అంటే మాత్రం కట్ చేసెయ్యండి."

"నాకా చెప్తున్నావు?" అని నవ్వాడు స్టీఫెన్. "కాగితం మీద సంతకం లేకుండా చీఫ్ ఇంజనీరు అడిగినా పనివాళ్లకి లైన్ క్లియర్ పర్మిషన్ ఇచ్చినవాణ్ని కాదు."

శాలినికి కంకిపాడులో సొంతంగా ఒక క్లినిక్ పెట్టాలని ఉంది. నాట్లు వేసీ కోతలు కోసీ నడుములు పట్టేసినవాళ్లు, మోకాళ్లు అరిగినవాళ్లు ఆ చుట్టుపక్కల నుంచి బస్సెక్కి ఆమె ఆసుపత్రికి వస్తారు. నాలుగు సార్లు వచ్చి, ఛార్జీలు పెట్టుకోలేక మానేస్తారు. వాళ్ల దగ్గరికే వెళ్లాలని ఆమె ఆలోచన. రిటైర్మెంటు డబ్బులో సగం దానికే ఇస్తానని స్టీఫెన్ మాటిచ్చాడు. మెయిన్ రోడ్డు మీద గది కుదిరింది. మెషిన్లకు ఆర్డరు పెట్టే వేళయిందని ఫిబ్రవరి మొదట్లో ఎఫ్‌డీ తీసి సేవింగ్స్ ఖాతాలో వేయించాడు.

అది మేరీమాత ఉత్సవాల వారం. గుణదల వీధులన్నీ జనంతో నిండి ఉన్నాయి. శౌరమ్మ చెల్లెలితో కలిసి పూజకని కొండకు వెళ్లింది. శాలిని డ్యూటీలో ఉంది. స్టీఫెన్ కాఫీ గ్లాసు పట్టుకుని ఫోన్ తెరిచేసరికి గీత నిట్టనిలువుగా కిందికి జారి ఉంది. ఇంకోసారి చూద్దామని వేలితో లాగాడు. గుండ్రటి చక్రం తిరిగింది, తిరుగుతూనే ఉంది. జనం ఎక్కువై నెట్‌వర్క్ అందడం లేదేమోనని ఫోన్ పట్టుకుని ఏలూరు రోడ్డు దాకా నడిచాడు. అక్కడ వీడియోలు కూడా చక్కగా వస్తున్నాయి. యాప్ మాత్రం తెరుచుకోలేదు. కాసేపటికి తెల్లటి పేజీ మీద రెండు వాక్యాలు కనిపించాయి. సాంకేతిక కారణాల వల్ల సేవలు ఆగాయని, కొనడం, అమ్మడం, డబ్బు వెనక్కి తీసుకోవడం ప్రస్తుతానికి కుదరదని.

గ్రూపు అప్పటికే అట్టుడుకుతోంది. కంపెనీ ఎత్తేశారని ఒకరు. యజమాని దేశం దాటాడని ఇంకొకరు. దొంగలు పడి మొత్తం ఊడ్చుకుపోయారని మూడో ఆయన. ఎవరికీ ఏమీ తెలియదు, అందరూ తెలిసినట్టే రాస్తున్నారు. స్టీఫెన్ ఇంటికి వచ్చి పోలరాజుకి ఫోన్ చేశాడు. అవతల హార్బర్‌లో చేపల వేలంపాట జరుగుతోంది, అరుపుల్లో మాట సరిగా వినపడలేదు.

"ఏంటి బావా, పోయినట్టేనా?"

"ఉండు, వాళ్ల కస్టమర్ కేర్ నంబరేదో ఉంటుందిగా. చూసి పెడతాను."

కొద్దిసేపట్లోనే గ్రూపులో నంబరు వచ్చింది. దాని కింద పోలరాజు రాశాడు: "నెట్‌లో దొరికింది. ట్రై చెయ్యండి."

స్టీఫెన్ వెంటనే చేశాడు. మొదటి రింగుకే ఎత్తారు. మర్యాదైన గొంతు, శుభ్రమైన తెలుగు.

"నమస్కారం సార్. మీలాగే చాలామంది ఫోన్లు చేస్తున్నారు. కంగారు పడకండి, మీ ఫండ్స్ సేఫ్‌గానే ఉన్నాయి."

ఆ మాట వినగానే స్టీఫెన్ కుర్చీలో వెనక్కి వాలాడు. పొద్దుటి నుంచీ అతనికి కావలసింది ఆ ఒక్క మాటే.

"సర్వర్ మారుస్తున్నాం సార్. మళ్లీ స్టార్టయ్యే లోపల మీ ఖాతా వెరిఫై అవ్వకపోతే లాక్ అయిపోతుంది. నేను పంపే చిన్న యాప్ ఒకటి వేసుకోండి, దగ్గరుండి చేయిస్తాను."

స్టీఫెన్ వేసుకున్నాడు. అందులో కనిపించిన అంకెలు చదవమంటే చదివాడు. డబ్బు వెనక్కి రావడానికి బ్యాంకు ఖాతా జోడించాలి, బ్యాంకు యాప్ తెరిచి పిన్ కొట్టండి అంటే కొట్టాడు. ఎక్కడా అతనికి అనుమానం రాలేదు. అడిగేవాడు తొందరపెట్టలేదు. ఒక్కొక్క పనీ అయ్యాక "వెరీ గుడ్ సార్" అంటున్నాడు. ఉద్యోగం మానాక అతనితో అలా మాట్లాడినవాళ్లు లేరు.

తెర నల్లబడి, వెరిఫికేషన్ జరుగుతోందని వచ్చింది. పైనుంచి ఒక మెసేజ్ జారింది. బ్యాంకు నుంచి. ఖాతాలోంచి డబ్బు వెళ్లిందని.

"బాబూ, డబ్బు కట్టయిందేంటి?"

"హోల్డ్‌లో పెట్టాం సార్, రివర్స్ అవుతుంది. ఫోన్ ముట్టుకోకండి."

ఇంకో మెసేజ్ జారింది. ఆ వెనకే మరొకటి. నల్లటి తెర వెనకాల తన ఫోన్‌ని ఇంకెవరో నొక్కుతున్నారని స్టీఫెన్‌కి అప్పుడు అర్థమైంది. పక్క బటన్ గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. "సార్, సార్" అంటున్న గొంతు తెగిపోయి ఫోన్ ఆగిపోయింది.

గుడిలో పాటలు మైకులోంచి వినిపిస్తున్నాయి. చెప్పులు లేకుండానే పక్కింటికి నడిచాడు. ఛాయాదేవి పెరట్లో బట్టలు ఆరేస్తోంది.

"అమ్మా, ఒకసారి నీ ఫోన్ ఇస్తావా?"

ఆమె అతని ముఖం చూసి ఏమిటని అడగకుండా ఫోన్ చేతిలో పెట్టింది. బ్యాంకుకి చెయ్యాలని తెలుసు. పోలీసులకు చెయ్యాలనీ తెలుసు. కానీ అతని కళ్ల ముందు కదిలింది ఆ గ్రూపు. ఆ నంబరు ఇంకా అక్కడే ఉంది. గ్రూపులోవాళ్ల నంబర్లలో అతనికి నోటికొచ్చింది పోలరాజుదొక్కటే.

"బావా, గ్రూపులో పెట్టు. ఆ నంబరు దొంగలది. ఎవరూ చెయ్యొద్దని పెట్టు. ఫోన్లు కూడా చేసి చెప్పు అందరికీ."

అవతల వేలంపాట అరుపులు అలాగే ఉన్నాయి.

"బావా, వినపడిందా?"

"నువ్వు... చేశావా దానికి?"

"ముందు నువ్వు పెట్టు బావా" అని స్టీఫెన్ ఫోన్ పెట్టేశాడు. తర్వాత సైబర్ మోసాలు చెప్పుకునే 1930కి చేశాడు. ఆ తర్వాత బ్యాంకుకి.

సైబర్ పోలీసులు బాగానే పనిచేశారు. వెళ్లిన డబ్బులో ఒక భాగాన్ని దారిలో ఆపగలిగారు. మిగిలింది అప్పటికే చేతులు మారిపోయింది.

ఆ సాయంత్రమే క్రిప్టో యాప్ తెరుచుకుంది. ఓపిక పట్టినందుకు ధన్యవాదాలని పైన ఒక వాక్యం. కింద స్టీఫెన్ కొన్నవన్నీ కొన్నట్టే ఉన్నాయి. పొద్దున జారిన గీత కూడా సగం దాకా మళ్లీ లేచింది. ఆ తలుపు మూసి ఉండబట్టి దొంగలకు కూడా లోపలికి దారి దొరకలేదు. పోయింది దాన్ని గురించి భయపడి తను తెరిచిపెట్టిన ఇంకో తలుపులోంచి. అతను ఏమీ చెయ్యకుండా సాయంత్రం దాకా కూర్చుని ఉంటే సరిపోయేది. ఆ ఆలోచన స్టీఫెన్‌ని అన్నిటికంటే ఎక్కువ తినేసింది. ప్లాంటులో యూనిట్ ట్రిప్పయి ఆగిపోయినప్పుడు కంట్రోల్ రూమంతా పరుగులు పెడుతుంటే చేతులు కట్టుకుని నిలబడి, ఏం జరిగిందో చూసి కానీ స్విచ్ ముట్టుకోని మనిషి అతను.

శాలిని ఆ రాత్రి అన్నం ముట్టలేదు. తండ్రిని తిట్టకూడదని చాలాసేపు ఊరుకుంది. చివరికి ఆపుకోలేకపోయింది.

"ముందు బ్యాంకుకి కదా డాడీ చెయ్యాల్సింది! ఆ కాస్త టైమ్‌లోనే ఎంత పోయిందో!"

"గ్రూపులో అంతమంది ఉన్నారమ్మా."

"వాళ్ల సంగతి వాళ్లు చూసుకునేవాళ్లు. అసలా నంబరు మీకెక్కడిది?"

"నెట్‌లో దొరికింది" అన్నాడు స్టీఫెన్. అబద్ధం కాదు, కానీ నిజం అంతా కాదు.

మిగతా నిజం మర్నాడు పోలీస్ స్టేషన్‌లో బయటపడింది. ఇన్‌స్పెక్టర్ గ్రూపు తెరవమంటే తెరవాల్సి వచ్చింది. శాలిని తండ్రి భుజం మీదుగా ఆ మెసేజ్ చదివింది. తిరుగుదారిలో స్కూటీ మీద "మావయ్య గారా" అని ఒక్క మాట అంది. తర్వాత ఆ ఇంట్లో పోలరాజు పేరు వినపడలేదు. పోలరాజు కూడా ఫోన్ చెయ్యలేదు. గ్రూపులోంచి వెళ్లిపోయాడు.

ఆదివారం యేసుకుమార్ భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. అతనూ ఆ గ్రూపులోవాడే, స్టోర్స్‌లో చేసి రిటైరయ్యాడు. సోఫా అంచున కూర్చుని చెప్పాడు.

"పోలరాజు గారు ఫోన్ చేసేటప్పటికి నేను వాడితోనే మాట్లాడుతున్నానండి. ల్యాండ్‌లైన్ ఉండబట్టి బతికిపోయాం, అది మా ఆవిడ ఎత్తింది. నేను సెల్లులో అంకెలు చదవబోతుంటే పరిగెత్తుకొచ్చి లాక్కుంది. అబ్బాయి ఇంటి రిజిస్ట్రేషన్‌కి తెచ్చిన డబ్బు మొత్తం అందులోనే ఉందండి."

అతని భార్య శౌరమ్మ చేయి పట్టుకుని కళ్లొత్తుకుంది. శాలిని వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. వాళ్లు వెళ్లాక తండ్రికి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ముందు బ్యాంకుకి చెయ్యాల్సిందన్న మాట మళ్లీ ఎత్తలేదు.

ఈస్టరు ముందు వచ్చే తపస్సు కాలం మొదలైంది. స్టీఫెన్ గుడికి వెళ్తున్నాడు, వస్తున్నాడు, ఎవరితోనూ మాట్లాడడం లేదు. ఒక రోజు పూజ నుంచి వస్తూ దారిలో శౌరమ్మ ఆగింది.

"ఏవండీ, మనసులో ఇంత పెట్టుకుని ఉపవాసాలుండి ఏం లాభం? బందరు వెళ్లి రండి."

"అతను రావచ్చుగా."

"ఆ అన్నయ్య ఏ ముఖం పెట్టుకుని వస్తారు? మీరే వెళ్లాలి."

స్టీఫెన్ మర్నాడు బందరు బస్సెక్కాడు. గిలకలదిండిలో ఇంటి ముందు ఆటో దిగగానే పోలరాజు భార్య నాంచారమ్మ ఎదురొచ్చింది. లోపలికి రమ్మనడానికి బదులు ఏడ్చింది.

"అన్నయ్యా, ఆయన సరిగ్గా తిండి తినట్లేదు. హార్బర్‌కి పోవట్లేదు. నువ్వైనా చెప్పు."

పోలరాజు పెరట్లో ఖాళీ ఐసు పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసింది, మనిషి చిక్కిపోయాడు. స్టీఫెన్‌ని చూసి లేవబోయాడు. స్టీఫెన్ ఇంకో పెట్టె లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఎదురుగా కాలవలో బోట్లు లంగరేసి ఉన్నాయి.

"నిజం చెప్తాను బావా" అన్నాడు స్టీఫెన్. "నిన్ను చాలా తిట్టుకున్నాను. నిద్రపట్టక, మంచం మీద పడుకుని, నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. ఆలోచించగా ఆలోచించగా, నొక్కింది నా వేళ్లే కదా అనిపించింది. నువ్వు ట్రై చెయ్యమన్నావు, పిన్ కొట్టమనలేదుగా."

పోలరాజు తల అడ్డంగా ఊపాడు. "అది కాదు బావా. నీకు తెలియంది ఒకటుంది."

"ఏంటది?"

"గ్రూపులో పెట్టిన వెంటనే నేనూ చేశాను దానికి. బిజీ వచ్చింది. ఆగి మళ్లీ చేశాను, మళ్లీ బిజీ. ఎవడో గంటసేపు వాగుతున్నాడనుకుని విసుక్కున్నాను. ఆ మాట్లాడేది నువ్వే బావా. నువ్వు అవతల ఉండబట్టి నాకు కలవలేదు. మా తమ్ముడు బోట్లవాళ్లకి ఇవ్వాల్సిన డబ్బంతా ఆ రోజు నా ఖాతాలోనే ఉంది. నువ్వు ఒక్క నిమిషం ఆలస్యంగా చేసి ఉంటే పోయేది నాది. నంబరిచ్చింది నేను, పోగొట్టుకుంది నువ్వు. ఎట్లా తినమంటావు అన్నం?"

స్టీఫెన్ అతని వైపు చూశాడు. ఇన్ని రోజులూ పోలరాజు భయపడి దాక్కున్నాడనుకున్నాడు. ఈ మనిషి మోస్తున్నది ఇదని అతనికి తట్టనే లేదు. భుజం మీద చెయ్యి వేశాడు. పోలరాజు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

కాసేపటికి నాంచారమ్మ ఒక సంచి తెచ్చి స్టీఫెన్ ముందు పెట్టింది.

"బోటులో మా వాటా అమ్మేశాం అన్నయ్యా. పోయినంత లేదు కానీ, ఉన్నంత తీసుకో."

"వద్దు చెల్లెమ్మా."

"నువ్వు తీసుకోకపోతే ఈయన మామూలు మనిషి కాడు."

"తీసుకుంటే నేను కాను" అన్నాడు స్టీఫెన్. "ఈ డబ్బు ఇంటికి పట్టుకెళ్తే రేపు బావ గడప తొక్కినప్పుడల్లా మా ఇద్దరి మధ్యనా ఆ సంచే ఉంటుంది. వాటా ఎవరికిచ్చారో వాళ్ల దగ్గర మళ్లీ కొనుక్కోండి. నాకు ఆకలేస్తోంది, అన్నం పెట్టు."

ఆమె సంచి తీసుకుని లోపలికి వెళ్లింది. చేపల పులుసుతో ఇద్దరికీ పక్కపక్కనే వడ్డించింది. పోలరాజు మెల్లిగా తిన్నాడు. రెండోసారి అన్నం పెట్టబోతే వద్దనలేదు.

గుణదల వచ్చాక స్టీఫెన్ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఆ నంబరు మంచిది కాదని మాత్రమే అందరికీ తెలుసు. స్టీఫెన్‌కి ఏం జరిగిందో యేసుకుమార్‌కి తప్ప తెలియదు. ఆ దొంగ ఏమన్నాడో, తను ఏ మాటకు ఏం చేశాడో, ఎక్కడ ఆగి ఉండాల్సిందో మొదటి నుంచీ చెప్పాడు. యాప్ ఆగిపోతే ఆగిపోనివ్వండి, అది తెరుచుకునే దాకా ఫోన్ పక్కన పెట్టి ఏదో పని చూసుకోండి, నెట్‌లో దొరికిన నంబరు ఎవరిచ్చినా, నేనిచ్చినా చెయ్యకండి అన్నాడు. చదువుకుని అలా ఎలా చేశారండీ అని ఒకాయన రాశాడు. ఆ మాట గుచ్చుకుంది. ఇంకా కొందరు విడిగా ఫోన్ చేశారు. వాళ్లలో ఒకాయన, తనకూ కిందటేడు అలాగే జరిగిందని, ఇంట్లో ఈ రోజుకీ తెలియదని చెప్పి పెట్టేశాడు.

పోలీసులు ఆపిన డబ్బు కోర్టు ఉత్తర్వుతో చేతికి రావడానికి వానాకాలం పట్టింది. మెయిన్ రోడ్డు గది అప్పటికి వేరేవాళ్లకు వెళ్లిపోయింది. స్టీఫెన్ యాప్‌లో ఉన్నదంతా అమ్మేసి కూతురికి ఇచ్చాడు. మిగిలినదానికి శాలిని లోను తీసుకుంది. కంకిపాడులో ఎరువుల దుకాణం వెనక ఒక చిన్న గదిలో, అనుకున్న మెషిన్లలో సగంతో క్లినిక్ మొదలైంది. వరినాట్లు అయిపోయే రోజులు. మొదటి వారం నుంచే బల్ల మీద ఆడవాళ్లు నడుములు పట్టుకుని కూర్చుని ఉండేవాళ్లు.

పోలరాజు ప్రారంభానికి రాలేదు. పిలవమని స్టీఫెన్ అన్నాడు, శాలిని పిలవలేదు. తండ్రి క్షమించినంత తేలిగ్గా ఆమె క్షమించలేకపోయింది. పోలరాజు బోటు వాటా అమ్మిన సంగతీ తెలుసు, అన్నం మానేసిన సంగతీ తెలుసు. అయినా ఆ ఇరుకు గదిలోకి అడుగుపెట్టిన ప్రతి పొద్దునా మెయిన్ రోడ్డు మీది గది గుర్తొచ్చేది.

ఒక మధ్యాహ్నం రోగులు పలచబడ్డాక ఆమె బయటికి తొంగిచూసింది. బల్ల చివర పోలరాజు కూర్చుని ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని ఉన్నాడు. ఆమెను చూసి గబగబా లేచాడు.

"మీ అత్తయ్య పొమ్మందమ్మా. చొక్కా తొడుక్కోవడానికి కూడా చెయ్యి లేవట్లేదు. బందరులో ఎక్కడైనా చూపించుకుంటానన్నాను, వినలేదు. నీకు ఇబ్బందయితే వెళ్లిపోతాను."

శాలిని ఆ చేతిని చూసింది. భుజం బిగుసుకుపోయి, మనిషి ఒక పక్కకు ఒరిగి నిలబడ్డాడు. చాలా రోజుల నుంచే నొప్పి భరిస్తున్నాడని చూడగానే తెలుస్తోంది.

"ఎప్పట్నుంచి?"

"ఎండాకాలం నుంచి."

"ఇన్నాళ్లు ఎందుకు ఊరుకున్నారు?"

శాలిని కర్టెన్ పక్కకు జరిపి పట్టుకుంది.

"లోపలికి రండి మావయ్య గారూ. రోజూ రావాల్సి ఉంటుంది, మధ్యలో మానేస్తే కుదరదు."

అతను లోపలికి వెళ్లి బల్ల మీద కూర్చున్నాడు. ఆమె అతని మోచేతి కింద చెయ్యి పెట్టి మెల్లిగా పైకి లేపింది.

"నొప్పి పుట్టగానే చెప్పండి" అంది.